మల్లేశన్న కొనిపెట్టుకున్న మౌసులు

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మా తెలుగు చర్చి ఫెలోషిప్‌లో ఎవరైనా చనిపోయినవాళ్లు కలలో కనిపించారని సాక్ష్యం చెబుతుంటే గడియారం చూసుకునే రకం నేను. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

మాది కాకినాడ. బహ్రెయిన్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని ఒక చిన్న కాంట్రాక్టింగ్ ఆఫీసులో డ్రాయింగులు వేస్తాను. నా పక్క సీటు మల్లేశన్నది. జగిత్యాల వైపు మనిషి. కూలీగా వచ్చి, సైటులో చూపుడు వేలు సగం తెగాక కంప్యూటర్ నేర్చుకున్నాడు. మౌస్‌ను మధ్యవేలితో నొక్కేవాడు. ఆ గోరు రాసుకుని ఎడమ బటన్ మీద నెలవంకలా గాడి పడింది. తొమ్మిదేళ్లుగా అదే మౌస్.

ఆ మోడల్ ఆపేశారని తెలిసిన రోజే, దగ్గర్లోని షాపులో మిగిలిన మూడూ కొనుక్కొచ్చాడు.

"గీ మోడల్ ఇగ రాదట చెల్లె. దుబాయిల ఉన్నన్ని రోజులు నాకు గివ్వి సాలు," అన్నాడు. బహ్రెయిన్‌ను కూడా దుబాయి అనే అనేవాడు. డబ్బాలు సీలుతోనే సొరుగులో పెట్టాడు.

రెండు నెలలకు ఒక ఉదయం టీ తాగుతూ కూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. శవాన్ని, బట్టల పెట్టెను ఇంటికి పంపారు. ఆయన కంప్యూటర్‌ను మౌస్‌తో సహా పాత సామాను కింద ఇచ్చేశారు.

ఆయన భార్య లక్ష్మి వదిన ఫోన్ చేసింది. "రోజూ ఆయన చెయ్యి పడ్డదేదన్న ఉంటే పంపు చెల్లె," అంది. ఏమీ మిగల్లేదని చెప్పలేక, "చూస్తా వదినా," అన్నాను.

ఆ నెలలోనే నా మౌస్ పాడైంది. సొరుగులోంచి ఒక డబ్బా తీసి, సీలు నా చేత్తోనే కోశాను. మా మలయాళీ అకౌంటెంట్ పక్కనే ఉన్నాడు. మౌస్ చుట్టూ పల్చటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. అది తీస్తే, ఎడమ బటన్ మీద నెలవంక గాడి. తడిమి చూశాను. ఏళ్ల తరబడి అరిగినట్టు నున్నగా ఉంది.

వాడిన సరుకు మళ్లీ ప్యాక్ చేసి అమ్ముంటారన్నాడు అకౌంటెంట్. నాకూ అదే సబబనిపించి, మధ్యాహ్నం ఇంకో డబ్బా కూడా తీసుకుని షాపుకు వెళ్లాను. షాపాయన పెషావర్ పెద్దాయన. రెండో డబ్బా సీలు ఆయనే విప్పాడు. అదే గాడి, అదే చోట.

"మాల్ నయా హై మేడమ్," సరుకు కొత్తదేనని చెప్పి, దాన్ని బల్ల మీద పెట్టేశాడు. మళ్లీ ముట్టుకోలేదు.

మూడోది నేను విప్పలేదు. విప్పినవి పంపితే, అన్న వాడినవని అబద్ధం చెప్పినట్టవుతుంది. అందుకే ఊరికెళ్తున్న ఒకాయన చేతికి సీలు డబ్బానే ఇచ్చి, ఇది అన్న కొనిపెట్టుకున్న కొత్తదని వదినకు చెప్పమన్నాను.

వారానికి వదిన ఫోన్ చేసింది.

"కొత్తదని చెప్పిండు గాయన. కొత్తది గాదు చెల్లె. మీ అన్న ఏలు పడ్డ జాగ నాకు తెల్వదా? ఇంట్ల టీవీ రిమోట్ గూడ గిట్లనే అరగ్గొట్టిండు." ఏడుస్తోంది, నవ్వుతోంది.

"డబ్బా సీలు ఎవరు తీశారు వదినా?" అని అడిగాను.

"నేనే, కత్తెరతోని కోసిన."



తయారీలోనే లోపమేమో అంటాడు అకౌంటెంట్. కావచ్చు. కానీ తయారీ లోపం గోరుతో అరిగినట్టు ఉంటుందా?