కనుబొమ్మల దారం

కొత్తకోట బస్టాండు వెనుక గజాలా దుకాణం ఒకటే గది, నడిమధ్య పూల పరదా. ఇవతల కంప్యూటర్ల రిపేరు, అవతల బ్యూటీ పార్లర్. ఏ పని తిండి పెడుతుందో తెలియక షాద్‌నగర్‌లో రెండూ నేర్చుకుంది. చివరికి రెండూ పెట్టాయి. గోడ మేకుకు ఒక చచ్చిన ప్రాసెసర్ వేలాడుతుంటుంది. కొత్తలో స్క్రూడ్రైవర్‌తో పెకలించబోయి ఆమే పిన్నులు విరగ్గొట్టింది. "మా ఉస్తాద్, నాకు పాఠం జెప్పిన గురువు" అని అందరికీ చూపించి నవ్వుతుంది.

పక్కవీధి కృష్ణమ్మ కంప్యూటర్ మిషన్ మీద రవికెలకు పూలు కుడుతుంది. దారాలతోనే బతికే మనిషికి, దారం కంటి దగ్గరికి వస్తుందంటే మాత్రం వణుకు. ఎనిమిదేళ్లుగా గజాలా ఎంత ఆటపట్టించినా పార్లర్ కుర్చీలో కూర్చోలేదు.

ఒక పొద్దున కృష్ణమ్మ కంప్యూటర్ డబ్బాతో ఆటో దిగింది. కొంగులో ఏదో మూట.

"మా మనుమడు నరేశ్‌గాడు దుమ్ము దులుపుతనని ఫ్యాన్ పట్టి గుంజిండు బిడ్డా. గిదంత ఊడొచ్చింది."

గజాలా మూట విప్పి, లోపలిది తిప్పి చూసింది. వేడిని లాగే లోహపు దిమ్మెకు ప్రాసెసర్ అతుక్కునే వచ్చేసింది. మధ్యన పూసిన పేస్టు ఏళ్ల తరబడి ఎండి సిమెంటులా బిగిసింది. అదృష్టం బాగుండి పిన్నులు ఒక్కటీ వంగలేదు. అలాంటి ప్రాసెసర్ ఇప్పుడు ఎక్కడా దొరకదు. కృష్ణమ్మ డిజైన్లు ఆ పాత కంప్యూటర్‌లో తప్ప నడవవు. ఇది పోతే, పెళ్లిళ్ల ముంగిట ఆమె మిషన్ మూలన పడ్డట్టే.

"స్క్రూడ్రైవర్ పెట్టి లేపరాదు?"

"తెగేదాక గుంజొద్దు పెద్దమ్మా. జర ఓపిక పట్టు."

పార్లర్‌లోంచి హెయిర్ డ్రయ్యర్ తెచ్చి దిమ్మెకు వేడిగాలి పట్టింది.

"దీనికి తలకు పోసినవా ఏంది, ఆరబెడుతున్నవ్?" కృష్ణమ్మకు ఆ కంగారులోనూ నవ్వొచ్చింది.

దిమ్మె బాగా వెచ్చబడ్డాక, గజాలా కనుబొమ్మలు తీసే దారం తెంపి స్పిరిట్‌లో తడిపింది. అంచు సందులో దూర్చి మెల్లగా అటూ ఇటూ ఆడించింది. తర్వాత పిన్నులు తాకకుండా అంచులు పట్టుకుని, కుడికి కాస్త, ఎడమకు కాస్త తిప్పింది. కదల్లేదు. గోడ మీది ఉస్తాద్ కంటబడేసరికి తిప్పడం ఆపేసింది. మళ్లీ వేడి, మళ్లీ దారం. మూడోసారి ప్రాసెసర్ మెత్తగా జారి వేళ్లలోకి వచ్చింది.

"అల్‌హమ్‌దులిల్లా!" అని గట్టిగానే అంది. కృష్ణమ్మ దండం పెట్టింది, ఏ దేవుడికో చూసుకోలేదు.

పాత పేస్టు శుభ్రంగా తుడిచి, మూలనున్న గుర్తు చూసి ప్రాసెసర్‌ను దాని గూట్లో దించి, శనగగింజంత కొత్త పేస్టు పెట్టి బిగించింది. మీట నొక్కగానే తెర వెలిగింది, నెమలి డిజైన్ ప్రత్యక్షమైంది. కృష్ణమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇంటికి పోతుందనుకుంటే, నేరుగా పరదా దాటి కుర్చీలో కూలబడి కళ్లు గట్టిగా మూసుకుంది.

"గంత సన్న పిన్నులనే వంగనియ్యలే నువ్వు. నా కనుబొమ్మలెంత? తియ్యి బిడ్డా."

గజాలా చుట్టలోంచి కొత్త దారం తెంపింది.