గోడ మీద చెప్పులు లేని మనిషి

విజయనగరంలో ఒక కళాశాల గ్రంథాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. దెయ్యాల పుస్తకాలు అడిగినవాళ్ళకు తీసి ఇచ్చేవాణ్ణి. తిరిగొచ్చాక దుమ్ము దులిపి మళ్ళీ కథల అరలోనే పెట్టేవాణ్ణి. వాటిని వేరే అరలో పెట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు. మా ఇంట్లో చావులు నా కళ్ళముందే జరిగాయి. పోయినవాళ్ళు మళ్ళీ కనిపించారని ఎవరైనా చెబితే పాపం నిద్ర చాలక అలా అయిందనుకునేవాణ్ణి. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

నేను రాస్తున్నది పోయినవాళ్ళ గురించి కాదు. నా ఇబ్బంది అదే.

నా భార్య సుభద్రది కోటబొమ్మాళి. వాళ్ళ నాన్న వయొలిన్ మాస్టారు. ఆమె కూడా విజయనగరంలో పిల్లలకు వయొలిన్ నేర్పేది. 2013లో ఫ్రాన్స్ నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. మూడు వారాలు అక్కడే ఉండి కచేరీలు చేయాలి, నేర్చుకోవాలనుకున్న వాళ్ళకు పాఠాలు చెప్పాలి. దక్షిణాన, సముద్రానికి దగ్గరలో ఉన్న చిన్న పాత ఊరు. పేరు రాయను. ఊరి చుట్టూ కొన్ని వందల ఏళ్ళనాటి కోటగోడ ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. గోడ పైన మనుషులు నడిచేందుకు రాతి దారి ఉంది. ఒక బురుజు దగ్గర మెట్లెక్కితే ఊరంతా చుట్టి మళ్ళీ అక్కడే దిగవచ్చు. నిదానంగా నడిస్తే గంట పడుతుంది.

ఆమెతో మృదంగం వాయించడానికి అప్పలసూరి వెళ్ళాడు. శ్రీకూర్మం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెవాడు. వాళ్ళ నాన్న చేపల వేటకు వెళ్ళేవాడు. ఆమెకన్నా పదేళ్ళు చిన్న. మనిషి బాగుంటాడు, నలుగురినీ నవ్విస్తాడు. సుభద్రను అక్కా అని పిలిచేవాడు. ఆ పిలుపును నేను నమ్మలేదు.

ప్రతిరోజూ పాఠాలయ్యాక సుభద్ర గోడ మీద ఒక చుట్టు నడిచి, బసకు వచ్చి నాకు ఫోన్ చేసేది.

"గోడ మీంచి ఉప్పు మడులు కనిపిస్తన్నాయండీ. అచ్చం మన నౌపడాలాగే ఉన్నాది" అంది మొదటిరోజు.

ఆ గొంతులో అంత హుషారు నేను చాలా ఏళ్ళుగా వినలేదు. ఎవరితో వెళ్ళావని అడిగాను. ఒక్కర్తినే అంది. ప్రతిరోజూ అదే అడిగాను, ప్రతిరోజూ అదే చెప్పింది. అనే ముందు ఒక క్షణం ఆగేది. ఆ ఆగడాన్ని నేను లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి.

మా ఇల్లు విజయనగరం కోటకు రెండు వీధుల అవతల. పెళ్ళయిన కొత్తలో సాయంత్రం కోట చుట్టూ నడిచొద్దాం రండి అని సుభద్ర అడిగేది. నేను పుస్తకంలోంచి తలెత్తకుండా రేపు అనేవాణ్ణి. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. ఈ సంగతి దాచిపెట్టి మిగతాది రాస్తే అది నిజం కాదు.

తిరిగొచ్చాక ఆమె ఎండకు నల్లబడి, ఏదో కూనిరాగం తీస్తూ ఇంట్లో తిరిగేది. ఆమె తెచ్చిన ఫొటోలన్నీ రెండుసార్లు చూశాను. కచేరీవి ఉన్నాయి, బసలోని వంటశాలవి ఉన్నాయి. గోడ మీద తీసినది ఒక్కటీ లేదు. అది కూడా నాకు సాక్ష్యంలాగే కనిపించింది. ఆ తరువాత సాధనకని అప్పలసూరి ఇంటికొస్తే నేను ముందుగదిలోంచి కదిలేవాణ్ణి కాదు. మూడోసారో నాలుగోసారో అతనే రావడం తగ్గించాడు. సుభద్రకు అర్థమైంది.

2016లో ఆమె పోయింది. విశాఖపట్నం ఆసుపత్రిలో నలభై రోజులు పక్కనే ఉన్నాను. అడగడానికి నలభై రోజులు సరిపోవా? అడగలేదు.

2018లో ఆ ఊరివాళ్ళు ఆమె జ్ఞాపకంగా ఒక కచేరీ పెట్టుకుంటున్నామని నన్నూ అప్పలసూరినీ పిలిచారు. నేను నివాళి కోసమే వెళ్ళానని అందరికీ చెప్పాను. నిజానికి ఆ గోడ మీద అప్పలసూరి ముఖం ఎలా ఉంటుందో చూడాలని వెళ్ళాను.

చేరిన మర్నాడు సాయంత్రం నాలుగు దాటాక గోడ దగ్గరికి వెళ్ళాం. బాగా ఎండగా ఉంది. మాకు తోడుగా నిర్వాహకులు పంపిన అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు. బురుజులోపల, మెట్ల మొదట్లో, గోడలో చిన్న గూడు ఉంది. గూట్లో పిల్లవాణ్ణి ఎత్తుకున్న మేరీమాత రాతి బొమ్మ, ముందు వెలుగుతున్న కొవ్వొత్తి. నేను ఆలోచించలేదు. గూడు, దీపం, పైకి మెట్లు కనిపించేసరికి బూట్లూ మేజోళ్ళూ విప్పి గోడవారగా పెట్టి ఎక్కబోయాను.

వెనకనుంచి అప్పలసూరి పకపకా నవ్వాడు.

"ఏటి మాస్టారూ, ఇదేటి శ్రీకూర్మం గుడనుకున్నారేటి? బూట్లిప్పీసినారు!"

అప్పుడు చూసుకున్నాను. సిగ్గేసింది. మళ్ళీ తొడుక్కోబోతుంటే పక్కన చెక్కగదిలోంచి కాపలాదారు బయటికి వచ్చాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. నా కాళ్ళకేసి చూశాడు, నా ముఖం చూశాడు. ఆపైన పాత స్నేహితుణ్ణి చూసినట్టు నా రెండు చేతులూ పట్టుకుని ఏదో గబగబా చెప్పాడు.

ఆ అమ్మాయి నా వైపు విచిత్రంగా చూస్తూ ఇంగ్లీషులో చెప్పింది. ఐదేళ్ళ తరువాత మళ్ళీ వచ్చినందుకు సంతోషంగా ఉందంటున్నాడు. ఇంకా బూట్లు ఇక్కడే విప్పుతున్నారా అని నవ్వుతున్నాడు. ఒకరోజు వాన పడితే మీ చెప్పులు తడవకుండా తనే లోపల పెట్టాడట. మేడమ్ ఏరీ అని అడుగుతున్నాడు.

నేను అప్పలసూరి వైపు తిరిగాను. ఐదేళ్ళుగా వెతుకుతున్నది దొరికిందనిపించింది. ఇక్కడివాళ్ళకు మన మగవాళ్ళిద్దరిలో ఎవరు ఎవరో గుర్తుండదు. ఆమెతో నడిచినవాడు అప్పలసూరి. చెప్పులిప్పినవాడు కూడా అతనే. బాధ ఉంది. కాని ముందుగా కలిగింది బాధ కాదు, నేను అనుమానించింది నిజమేనన్న తృప్తి.

ఆవిడతో వచ్చింది ఇతను కదా అని ఆ అమ్మాయితో అడిగించాను. ముసలాయన అప్పలసూరిని ఎగాదిగా చూసి తల అడ్డంగా ఊపాడు. తరువాత వంగి, వేలితో నా ఎడమ పాదం చివర చూపించాడు.

నా ఎడమ కాలికి చిటికెనవేలు లేదు. పన్నెండో ఏట సైకిలు చైనులో పడి పోయింది.

ఆ మనిషికీ ఆ వేలు లేదని చెప్పాడు. బొటనవేలికి ఉంగరంలా తోలు పట్టీ ఉండే చెప్పులు తొడుక్కునేవాడని, తన వేళ్ళతోనే పట్టీ ఆకారం చేసి చూపించాడు. అప్పట్లో నేను తొడిగినవి అలాంటివే. ఆ మూడు వారాలూ అవి విజయనగరంలో మా గుమ్మం పక్కనే ఉన్నాయి. నా కాళ్ళకు లేనప్పుడల్లా.

ఆరోజు గోడ ఎక్కలేదు. బసకు వచ్చేశాం. అప్పలసూరి స్నానం చేసి తుండు చుట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను అతని పాదాలు చూస్తున్నాను.

"ఏటలగ సూస్తన్నారు? కాలేళ్ళు లెక్కెడతన్నారేటి?" అన్నాడు.

పది ఉన్నాయి.

అడిగేశాను. ఆ సాయంత్రాలు నువ్వు ఎక్కడున్నావని. అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నవ్వు పోయింది.

"నన్ననుమానించినారేటి మాస్టారూ? ఐదేళ్ళనుండీనా?"

అవునన్నాను.

"ఓలమ్మో! అక్క నాకు అన్నమెట్టిన మనిసి. నాకు తల్లిలాటిది." కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "నేను గోడెక్కింది ఒక్కసారి. నాకు మోకాలు బాలేదప్పుడు, దిగలేక సచ్చినాను. తరవాత ఎల్లలేదు. అక్క ఒక్కర్తే ఎల్లీది. నాలుగయ్యేసరికి సీర మార్సుకునీది. ఎవులొస్తారక్కా అక్కడికీ, ఇంత సింగారమూ అని నేనేడిపించీవోణ్ణి. నీకెందుకురా, నోరు మూసుకో అనీసి నవ్వుకుంటూ ఎలిపోయీది."

చీర మార్చుకునేది. నాకు ఇది చెప్పకుండా ఉంటే బాగుండేదనుకున్నాను. అతను అబద్ధం చెప్పడం లేదని నాకు తెలిసిపోయింది. దానివల్ల శాంతి కలగలేదు.

మర్నాడు నేనూ ఆ అమ్మాయీ మళ్ళీ వెళ్ళాం. సుభద్ర పోయిందని చెబితే ముసలాయన టోపీ తీసి చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. తరువాత తన బదులు ఇంకొకరిని కూర్చోబెట్టి మాతో పైకి వచ్చాడు. ఈసారి నేను తెలిసే బూట్లు విప్పాను. రాయి వేడిగా ఉంది.

వాళ్ళు ఎలా నడిచేవారో చూపించమన్నాను. చూపించాడు. ఆయన బయటివైపు, ఆవిడ ఊరివైపు. ఆవిడ చేతిసంచి ఆయన భుజానికి ఉండేది. దక్షిణపు మలుపులో ఒక మెట్టు బాగా అరిగిపోయి ఉంది. అక్కడ ఆయన చేయి అందించేవాడట. ఉప్పు మడులు కనిపించేచోట ఇద్దరూ ఆగేవారట. ఆయన ఏదో చెప్పేవాడు, ఆవిడ నవ్వేది. ఎంత నవ్వేదంటే కింద ఉన్న తనకు వినబడేదట. ఎలా నవ్వేదో చూపించడానికి ఆ ముసలాయన ఎడమచేతి వెనకవైపుతో నోరు మూసుకుని, భుజాలు కదిలించాడు.

సుభద్ర అలాగే నవ్వుతుంది. పెళ్ళిచూపులప్పుడు అలాగే నవ్వింది. ఆ తరువాత నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను.

తిరిగొచ్చాక నాకు చేతనైన విచారణ చేశాను. ఆ మూడు వారాలు గ్రంథాలయంలో పుస్తకాల తనిఖీ జరిగింది. హాజరు పట్టీలో ప్రతిరోజూ నా సంతకం ఉంది. అప్పట్లో నాకు పాస్‌పోర్టే లేదు. సుభద్ర నా ఫొటో చూపించి ఉండవచ్చు. కాని ఆమె దగ్గరున్న నా ఫొటోల్లో పాదాలు కనిపించేది లేదు. ముసలాయనకు జ్ఞాపకం తడబడి ఉండవచ్చు. కాని వేలు సంగతి నా పాదం చూసి చెప్పాడనుకున్నా, చెప్పుల పట్టీ చూసి చెప్పే వీలు లేదు. సుభద్రకు ఆయన భాష రాదు, ఆయనకు ఈమెది రాదు. కూర్చోబెట్టి నా కాలి సంగతి చెప్పే అవకాశం లేదు. వాళ్ళకు సాయంత్రం నాలుగున్నర అంటే మనకు రాత్రి ఎనిమిది. ఆ వేళ నేను ఏం చేసేవాణ్ణో ఆలోచించాను. కుర్చీలో పుస్తకం పట్టుకుని ఉండేవాణ్ణి. కునుకు పట్టేదేమో. ఆ రోజుల్లో పొద్దున కాళ్ళు పీకేవని కూడా అనిపిస్తోంది. కాని అది ఇప్పుడు అనిపిస్తున్నది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను.

అప్పలసూరి మళ్ళీ మా ఇంటికి వస్తున్నాడు. అతని మీద నాకు కోపం లేదు. క్షమించమని అడిగాను. "అదేటి మాస్టారూ, ఆ మాటొగ్గీండి" అన్నాడు.

కాని కోపం పోలేదు, చోటు మారింది. ఎవరితో వెళ్ళావని నేను అన్ని సాయంత్రాలు అడిగాను. మీతోనే అని ఆమె ఒక్కసారి అని ఉంటే నేను నవ్వి ఉండేవాణ్ణి కాదు, విసుక్కుని ఉండేవాణ్ణి. ఆమెకు అది తెలుసు. అందుకే ఒక్కర్తినే అని చెప్పి ఆ మనిషిని నాకు అందకుండా ఉంచుకుంది.

అతనికి నా పాదం ఎలా వచ్చిందో, నా చెప్పులు ఎలా వచ్చాయో నాకు తెలియదు. తెలుస్తుందన్న ఆశ కూడా లేదు. అది వదిలేయగలను. వదల్లేకపోతున్నది వేరొకటి. ఆ రోజు గోడ దిగేముందు ముసలాయనను ఒక్కటే అడిగించాను, ఉప్పు మడుల దగ్గర ఆయన ఏం చెప్పేవాడని. ఆయన భుజాలెగరేశాడు. ఆ భాష తనకు రాదు కదా అన్నాడు. ఆ భాష నాది. ముప్పై ఏళ్ళు ఆమెతో ఆ భాషలోనే మాట్లాడాను. ఏం చెబితే ఆమె అంతగా నవ్వుతుందో ఇప్పటికీ నాకు తట్టడం లేదు.