మధ్యలో ఒక్క అక్షరం

చైనాలో హండాన్ నూలుమిల్లులో ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడ్డ మనిషికి చెవులు మిగలవు. సుయేకి, పక్కన గట్టిగా అరిస్తే ఏ ముక్కో అరముక్కో తప్ప, మిగల్లేదు. ఆ హోరులో మాట వినబడదు గనక మిల్లు ఆడవాళ్లంతా ఎదుటివాళ్ల పెదాలు చూస్తూనే కబుర్లాడేవారు. రిటైరయ్యాక కూడా ఆమె వినడం కళ్లతోనే.

మొగుడు గెంగ్ సైకిలు మీద సానరాయి పెట్టుకుని "కత్తులు సానబెడతాం, కత్తెర్లు సానబెడతాం" అని సందుల్లో కేకేసే మనిషి. ఇంట్లో మాత్రం ఆమెకు ఎదురుగా నిలబడితే గాని నోరు విప్పడు. ఆ కేకే వాళ్ల కూడు. ఈ చలికాలం ఆ గొంతు కాస్తా పోయింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు పరీక్షలన్నీ చూసి ఏదో చెప్పాడు. మూతికి మాస్కు. సుయే చెవిన పడ్డవి రెండే ముక్కలు: 'జి', 'హావ్'. వైద్యం, నయం. ఆ రెంటి మధ్య ఒక అక్షరం ఉంటుంది, అది ఎగిరిపోయింది. మొత్తం కథ దాన్లోనే కదా ఉంది! మా చైనా భాషలో పని చెయ్యడం ఒక మాట, అది ఫలించడం ఇంకో మాట. ఫలిస్తుందా లేదా అన్నది నడుమ ఇరికిస్తాం. 'ద' అంటే నయమవుతుంది. 'బు' అంటే ఎన్ని మందులు మింగినా కాదు.

డాక్టరు తల ఊపాడు. ఈవిడా ఊపింది, ఖర్మ. ఇంతలో తర్వాతి నంబరు వాళ్లు లోపలికి తోసుకొచ్చారు.

బస్సులో అడిగింది. "ఏమయ్యా, 'ద' అన్నాడా, 'బు' అన్నాడా?"

గెంగ్ మాస్కు కళ్లదాకా లాక్కుని కిటికీ వైపు తిరిగాడు. పెళ్లయ్యాక ఆమెతో అలా మొహం తిప్పుకోవడం ఇదే మొదలు. అలిగాడో, నిద్రొచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు.

గుమ్మంలోనే పక్కింటి లువో పట్టుకుంది. ఆమెదీ మిల్లే. "డాక్టరు ఏమన్నాడే?"

"విన్నాను. వినబడలేదు."

"బాగుంది సంబడం."

"నవ్వుతూనే పంపాడే. మాస్కు వెనకాల ఆవలించాడేమో మరి. మందులైతే రాశాడు. నయం కానిదానికి మందులెందుకు రాస్తారు?"

"మా ఆయనకీ రాశారమ్మా, పోయేదాకా."

దీంతో ఉన్న మతీ పోయింది. రాత్రంతా 'ద', 'బు' అనుకుంటూ దొర్లింది.

పొద్దునా అతని మూతికి మాస్కే. జొన్నరొట్టె, కొర్రగంజి పెట్టింది. తినాలంటే మాస్కు తియ్యాలిగా. అతను తియ్యగానే గిన్నె వెనక్కి లాక్కుంది.

"గంజి తర్వాత. డాక్టరన్న మాట ముందు అను."

గెంగ్ ఆమె ఎదురుగా తిరిగి, ఎప్పట్లాగే నెమ్మదిగా అన్నాడు. 'ద'కి పెదాలు కలవవు. మధ్య అక్షరం దగ్గర అతని పెదాలు కలిశాయి.

సుయే గిన్నె అతని ముందుకు తోసింది. కళ్లు తుడుచుకుంది.

"ఊళ్లోవాళ్లకి పోయిందయ్యా నీ గొంతు. నాకెప్పుడు వినబడి చచ్చింది? ఇటు చూసి నీ కేక ఒకసారి వెయ్యి."

అతను వేశాడు, చప్పుడు లేకుండా, మొత్తం కేక.

"బానే వినబడింది," అంది సుయే. "ఇక తిను."