పూయని చిక్కుడు పందిరి

మొన్న గద్వాలలో విత్తనాల దుకాణం ముందు నాకు ఒళ్లు మండింది. ఏ కాలమైనా కాసే చిక్కుడు అంటూ దుకాణదారు ఒక పొట్లం నా చేతిలో పెట్టాడు. చలితో పనిలేదట, ఎండాకాలంలో కూడా కాస్తుందట. అక్కర్లేదని విసురుగా బల్ల మీద పడేశాను. పాపం, అతను చేసిన తప్పేమీ లేదు. చలి మొదలైతే చాలు, నాకు ఎవరినో ఒకరిని తిట్టాలనిపిస్తుంది. తిట్టాల్సింది నన్నే అని తెలుసు కాబట్టి కోపం ఇంకా పెరుగుతుంది.

అయిజ దగ్గరి పల్లెలో మా మేనత్త ఇంటి వెనక ఒక చిక్కుడు పందిరి ఉండేది. ఎర్ర అంచు కాయ, మా నాయనమ్మ నాటి విత్తు. మా దిక్కు చలి ఉత్తరాది చలిలా మంచు కురిపించదు, రెండు నెలలు పెదవులు పగలగొట్టి, మోకాళ్లు పట్టేసి పోతుంది. అయినా ఆ తీగ ఆ రోజుల కోసమే కాచుకుని ఉండేది. తొలకరికి పెట్టిన విత్తు దీపావళి దాకా ఒట్టి ఆకే. "పొద్దు కురుచైతెనే పూత. నువ్వెంత ఉరికినా అది ఉరకదు" అనేది అత్త. ఏటా సగం విత్తు నాటి, మిగతా సగం బూడిదలో కలిపి కుండలో దాచేది. ఒక ఏడాది ఆ కుండలో ఎలుకలు పడ్డాయి. అవి తినగా మిగిలిన నాలుగు గింజలూ మట్టిలో పెట్టేసింది. కాయ ముదిరి ఎండితేనే మళ్లీ విత్తు, లేకపోతే నాయనమ్మ చిక్కుడు అక్కడితో సరి.

ఆ వానాకాలమే నేనొక ఘనకార్యం చేశాను. పెరట్లో అత్త కాలు జారి పడుతుందని, చీకటి పడగానే దానంతటదే వెలిగి తెల్లారేదాకా ఆరని పెద్ద లైటు తెచ్చి ఇంటి వెనక గోడకు బిగించాను. అత్త ఊరంతా చెప్పుకుంది. కార్తీకం పోయింది, మార్గశిరం పోయింది, తీగ పందిరంతా కమ్మింది, ఒక్క పువ్వు లేదు. అత్త అనుమానం పక్కింట్లో ఉండే మరిది మీదికి పోయింది. ఆయన నాకు మామ వరస. మధ్యగోడ విషయంలో వాళ్లిద్దరికీ ముందునుంచీ పడదు, పలకరింపులన్నీ తిట్లే.

"నీ మామ తీగ ఏర్లకు ఏందో పోసిండు" అంది అత్త నాతో. మామ గోడ అవతలి నుంచే, "నా బిడ్డ మీద ఒట్టు వదినె, నేను ముట్టలె" అన్నాడు. బిడ్డ మీద దొంగ ఒట్టు పెట్టుకునేదాకా వచ్చాడని ఆమె ఇంకా రెచ్చిపోయింది. నేనూ ఆమె పక్కన నిలబడి, పెద్దవాడని చూడకుండా మామను నాలుగు మాటలన్నాను.

పుష్యంలో ఒక పొద్దున నేను వెళ్లేసరికి అత్త రాయి ఎక్కి గోడ అవతలికి చూస్తోంది. గోడ దాటి మామ వైపు వాలిన కొమ్మకు గుత్తులు గుత్తులుగా లేత కాయలు. "నా తీగ వాని దిక్కే కాస్తదా? ఇంకేం సాక్ష్యం గావాలె" అంటూ దిగి, నేను నోరు తెరిచేలోపే కొడవలితో తీగను మొదలంటా కోసేసింది. ఆ కాయల్లో ఇంకా గింజ కట్టలేదు.

కోసిన తీగను ఎత్తి పారేస్తూ తలెత్తితే ఎదురుగా నా లైటు. గోడ నీడ పడే మామ వైపు రాత్రి రాత్రిలాగే ఉంది. ఇటువైపు తీగకు చలి తగిలింది గానీ చీకటి తగల్లేదు. పొద్దు కురచైన సంగతి దానికెలా తెలుస్తుంది? నాకు అంతా అర్థమైంది. అత్త కింద కూలబడి, అమ్మ ఇచ్చిన విత్తు నా చేతుల్లనే పాయె అని ఏడుస్తోంది. గోడ అవతల మామ చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా గొప్ప పోతుందని మాట మింగేశాను. మళ్లీ వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. వచ్చిన ప్రతిసారీ అదే అనుకున్నాను. రెండేళ్లకు మామ పోయాడు. కడసారి చూపుకు కూడా అత్త ఆ గడప తొక్కలేదు. మరుసటి చలికి ఆమె కూడా పోయింది.

చలికాలపు పొద్దే అయినా, ఒక్క నిజం చెప్పడానికి ఆ రోజు చాలినంత ఉండింది. ఇప్పుడు ఎంత పొడుగు పొద్దు వచ్చినా వినడానికి ఆ ఇద్దరిలో ఒక్కరూ లేరు.