పది తులాల సబ్బు, కొల్లేటి తక్కెడ

1934 వేసవి. ఏలూరులో మాది సబ్బుల ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అంటే మరీ ఊహించుకోకండి. యజమాని రంగారావుగారి పెరట్లో రెండు పాకలు, ఒక పొయ్యి, ఒక గుమాస్తా. ఆ గుమాస్తా నేనే. సబ్బులకు కాగితం చుట్టడం, లేబుళ్లు అంటించడం, యజమాని బాధపడ్డప్పుడల్లా నవ్వాపుకోవడం నా ఉద్యోగం.

మా సబ్బు మీద "పది తులాలు" అని అచ్చుపడేది. వర్తకంలో దీన్ని నెట్ వెయిట్ అంటారు: కాగితం, పెట్టె తీసేశాక మిగిలే అసలు సరుకు తూకం. తూకం అచ్చు వేసి తీరాలని మమ్మల్నెవరూ అడగలేదు. రంగారావుగారే గొప్పకోసం బెజవాడలో ఇత్తడి అచ్చు పోయించారు.

ఒకరోజు కైకలూరులో చిల్లరకొట్టు నడిపే సుబ్బమ్మగారు వచ్చారు. చంకలో మా సబ్బుల పెట్టె, చేతిలో సొంత తక్కెడ.

"ఏవండీ, మీ సబ్బు ఎనిమిదిన్నరే తూగుతోందండీ."

"మీ తక్కెడలో దోషమేమో చూడండమ్మా," అన్నారు రంగారావుగారు.

మా తక్కెడలో వేశాం. అదీ ఎనిమిదిన్నరే అంది. మనుషులు ఒప్పుకోకపోయినా తక్కెళ్లు రెండూ ఒప్పుకున్నాయి.

"మా దగ్గర చేపలమ్మే ప్రతి ఇంట్లో తక్కెడ ఉంటుందండీ. సబ్బు తూచి చూసుకుంటున్నారు. సబ్బులో కాజేసింది పప్పులో కాజెయ్యదా అని నా కొట్టుకే రావడం లేదు. ఇక తలుపులు మూసుకోవడమే."

రంగారావుగారి గొంతు లేచింది. "అచ్చు వేసిననాడు అక్షరాలా పది తులాలే! తరవాత తడారిపోతే నేనేం చెయ్యను? అది ప్రకృతి!"

"ప్రకృతి వచ్చి నా కొట్లో కూర్చుని జవాబు చెబుతుందాండీ?"

ఆయన ఆలోచించారు. "పోనీ, కాగితం మందంగా చుడితే?"

"ఇటుక చుడితే ఇంకా బాగుంటుందండీ," అన్నాను. ఆయన చూసిన చూపుకి ఇటుకే నయం.

"అయితే 'అచ్చు వేసిననాటి తూకం' అని రాస్తే?"

సుబ్బమ్మగారు తల అడ్డంగా ఊపారు. "మేం చేపని నీళ్లు కారిపోయాకే తూస్తామండీ. కొల్లేటితో కలిపి తూస్తే ఎవరూ కొనరు."

రంగారావుగారు ఆకురాయి తెమ్మన్నారు. ఇత్తడి అచ్చులో "పది తులాలు" అన్న అక్షరాలు ఆయనే అరగదీశారు. పన్ను పీకించుకునేవాడి ముఖం కూడా అంతకంటే ప్రసన్నంగా ఉంటుంది.

ఆ తరవాత సబ్బు కాస్త పెద్దదిగా కోసి, వెదురు తడికల మీద బాగా ఆరబెట్టి, ఆరాకే తూచి, పదికి తగ్గనివాటికే తూకం లేబులు అంటించాం. లాభం కొంచెం తగ్గింది, యజమాని నిట్టూర్పులు కొంచెం పెరిగాయి.

పాత సబ్బులకు బదులు వీటిని సుబ్బమ్మగారికి పంపాం. ఆవిడ కొట్టు ముందు తక్కెడ కట్టి, "తూచుకుని తీసుకోండి," అన్నారట. ఒక ముసలాయన మూడు సబ్బులు మార్చి మార్చి తూచి, చివరికి ఒకటి కొని, "పప్పు కూడా ఇవ్వమ్మా," అన్నాడట.

లేబులు మీది తూకం మనం పొట్లం కట్టిననాటి గొప్ప కాదు, కొన్నవాడు విప్పిననాడు నిలబడాల్సిన మాట. నా ఉద్యోగంలో నేర్చుకున్న పెద్ద విద్య ఇదొక్కటే.

వానలు పడ్డాక సుబ్బమ్మగారు మళ్లీ వచ్చారు, ఈసారి కొత్త ఆర్డరుతోనూ, అప్పుడే పట్టిన కొర్రమీనుతోనూ. రంగారావుగారు సంబరంగా దాన్ని తక్కెడలో పడేశారు.

"వీశె పైమాటేనోయ్!"

"కాస్త నీళ్లు కారనివ్వండి," అన్నాను.