బావ దాచిన మూడుముప్పావు గంటలు

ఆ రోజుల్లో నాకు ఎవరిమీదా నమ్మకం ఉండేది కాదు. వయసు ఇరవై మూడు, ఉద్యోగం కొత్త, దేశం కొత్త. లోకమంతా కలిసి నన్నొక్కణ్ణే మోసం చేయడానికి కాచుక్కూర్చుందని గట్టి అభిప్రాయం. (హాకర్ సెంటర్లో, అంటే ఇక్కడి తిండి అంగళ్ల దగ్గర, అందరూ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి సీటు ఆపుకుని, తిండికి వెళ్తారు. నేను మాత్రం నా ప్యాకెట్ ఎవరెత్తుకుపోతారోనని దానివైపే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచేవాణ్ణి.) పని సైన్స్ పార్క్‌లో, మకాం టాంపినీస్‌లో అక్కావాళ్ల ఫ్లాట్లో. ఆ ఇంటి హాల్లో రెండు గడియారాలుండేవి, ఒకటి ఇక్కడి టైముకి, రెండోది మన దేశం టైముకి. అమ్మకి ఫోన్ చేసేముందు రెండోది చూడటం మా అందరికీ అలవాటు.

ఓడల ఇంజన్లు బాగుచేసే కంపెనీలో పనిచేసే బావని ఒకసారి ఆఫ్రికా పంపారు. ముందు నైరోబీ, అక్కణ్ణుంచి లాగోస్, మళ్లీ నైరోబీ మీదుగా ఇంటికి. టికెట్ల కాగితం ఫ్రిజ్‌కి అంటించి వెళ్లాడు. నేను ఊరుకోవచ్చుగా! నైరోబీలో ఎనిమిదికి ఎక్కితే లాగోస్‌లో పదకొండుంబావుకి దిగుతాడట, అంటే మూడుంబావు గంటలు. తిరుగు ప్రయాణంలో పన్నెండుకి ఎక్కి సాయంత్రం ఏడుకి దిగుతాడట, అంటే ఏడు గంటలు! దూరం చూస్తే పోయినా వచ్చినా అవే దాదాపు నాలుగువేల కిలోమీటర్లు. మరి ఆ మూడుముప్పావు గంటలు ఈయన ఎక్కడ గడుపుతున్నట్టు?

"అక్కా, బావ దార్లో ఎక్కడో దిగుతున్నాడే."

"నోర్ముయ్‌రా. ఎదురుగాలేమో."

"ఎదురుగాలైతే మాత్రం నాలుగ్గంటల తేడానా? మధ్యలో ఎక్కడా ఆగదని కాగితంలో రాసుంది మరి!"

కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఆగానా? ఆగలేదు. మూడు రోజులు నూరిపోశాను. బావ ఫోన్ చేసి "మీటింగ్‌లో ఉన్నా, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తే, "చూశావా!" అన్నాను. నాలుగోరోజు సాయంత్రం అక్క పొయ్యి వెలిగించలేదు. "పదకొండేళ్ల కాపురంరా" అంటూ కళ్లు తుడుచుకుని, 'మధ్యలో ఎక్కడ దిగుతున్నారో నిజం చెప్పండి' అని ఫోన్లో బావకి టైపు చేసింది. గూఢచారి పని సరదాగానే ఉందిగానీ, అక్క ఏడుస్తుందని అనుకోలేదు.

పంపడానికి వేలు పెట్టబోతుంటే, హోంవర్క్ చేసుకుంటున్న మేనకోడలు (తొమ్మిదేళ్లది, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర 'లా' తగిలిస్తుంది) కాగితం చూసి, "మామయ్యా, టైమ్ డిఫరెన్స్ లా! లాగోస్ టూ అవర్స్ వెనక. వెళ్తే తగ్గుతుంది, వస్తే పెరుగుతుంది. రెండువైపులా దాదాపు ఐదు గంటలే" అని పెన్సిల్‌తో గోడమీది గడియారాలు చూపించింది. అరగంట ముందే రెండో గడియారం చూసి అమ్మకి ఫోన్ చేసినవాణ్ణి నేనే!

అక్క ఆ మెసేజ్ చెరిపేసి నావైపు తిరిగింది. "దున్నపోతా! ఈ గడియారాల కిందే కూర్చుని నా కాపురం కూల్చబోయావు కదరా!" అని వీపు మీద రెండు వేసి, ఏడుస్తూనే నవ్వేసింది.

బావ వచ్చిన రోజు, ఎన్నడూ లేనిది, అక్క ఎయిర్‌పోర్టుకి ఎదురెళ్లింది. ఇంట్లో గుత్తొంకాయ, పులిహోర, పాయసం. బావ చేయి కడుక్కునే నెపంతో నన్ను వంటింట్లోకి లాగి, గొంతు తగ్గించి అడిగాడు: "నిజం చెప్పరా. నేను లేనప్పుడు ఈ ఇంట్లో ఏం జరిగింది?"

"ఏం లేదు బావా" అన్నాను.

ఇప్పుడు నాకూ ఓ ఫ్లాటుంది, గోడమీద రెండు గడియారాలున్నాయి, ఎవరిమీదా పెద్దగా అనుమానాల్లేవు. ఆ ఇరవై మూడేళ్ల వెధవని తల్చుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. కానీ బావ మాత్రం, ఎప్పుడు గుత్తొంకాయ వడ్డించినా, ముందు అక్క మొహం వైపు, తర్వాత నా మొహం వైపు చూసిగానీ ముద్ద కలపడు.