హన్మంతు మోయని బుక్కు

"నువ్వు గీ బుక్కు మోసుడు బంజేస్తే దిగంబర్ పటేల్ సర్పంచెట్లుంటడు హన్మంతూ?"

1974 ఎండాకాలం. మహారాష్ట్ర సరిహద్దులో, ధర్మాబాద్‌కు నాలుగు మైళ్ల దూరంలో ఒక తెలుగు ఊరు. బర్రెకు కుడితి పోస్తూ సంగవ్వ అడిగిన మాట ఇది. వేలిముద్ర కోసం ఆమె వేలు పట్టుకుందామని చాచిన హన్మంతు చెయ్యి అలాగే ఆగిపోయింది.

హన్మంతు గ్రామపంచాయతీ శిపాయి, అంటే బంట్రోతు. గ్రామసభ నాడు సభ ఉండదు. చంకలో తీర్మానాలు రాసే ప్రొసీడింగ్ బుక్కు, చేతిలో సిరా డబ్బీతో పన్నెండేళ్లుగా అతనే ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు పట్టుకొస్తాడు. వంద పడితే ఊరంతా చావడిలో కూర్చుని ఏకగ్రీవంగా ఒప్పుకున్నట్టే. రాజ్యం కత్తితో నిలుస్తుందని చెప్పేవాళ్లు చెప్పనీ. దిగంబర్ పటేల్ మూడుసార్లు సర్పంచయ్యాడు, ఎవరిమీదా చెయ్యెత్తలేదు. ఎవరూ గడప దాటనక్కర్లేకుండా చూశాడు, అంతే. జనం దాన్ని మర్యాద అనుకున్నారు.

"దీంట్ల ఏం రాసిండ్రో ఎర్కనా?"

"నాకు చదువస్తదా అత్తా?"

"రాకపోతే రాకపాయె. చెవులు లెవ్వా? గాయరాను పటేల్ బామ్మర్ది ఇటుకబట్టీకి ఇస్తున్నరంట. రేపు నా బర్రె నీ నెత్తి మీద మేస్తదా?"

గాయరాను ఊరి పశువులన్నీ మేసే బీడు. హన్మంతు మేకలు రెండూ మేసేది అక్కడే. అప్పటికి అరవైమూడు ముద్రలు పడ్డాయి. మిగతా ముప్పయ్యేడు కోసం అతను ఇంకో గడప ఎక్కలేదు. చావడికి పోయి, బుక్కు అరుగుమీద పెట్టి, డప్పు కొట్టాడు. "బుక్కు చావడిల ఉందహో! ముద్రేసేటోళ్లు ఈడికొచ్చి, చదివించుకొని ఎయ్యుండ్రహో!"

పటేల్ వచ్చాడు. "ఏందిరా, కాళ్లు నొస్తున్నయా?"

"కాళ్లు మంచిగున్నయి పటేలా. బుక్కే ఇగ మొయ్య."

"నీ నౌకరి ఎవరి చేతుల ఉందో యాదుందా?"

"మీ చేతులనే. తీసెయ్యుండ్రి. బుక్కయితే ఈడనే ఉంటది."

ఈ ఎండలో ఎవడొస్తాడని పటేల్ నవ్వాడు. పొద్దుగూకేలోపు ఎనభైమంది వచ్చారు, సగం మంది తమాషా చూడ్డానికే. మరాఠీలో ఉన్న తీర్మానాన్ని బడిపంతులు రామదాస్ తెలుగులో చెప్పాడు: ఇరవై ఏళ్లు, బట్టీకి.

"పొద్దున నాతోని దీనికేనా ముద్రేయించింది?" మాణిక్ గయ్యిమన్నాడు.

"దీనికే. తప్పయింది. ఇగ ఏయించ."

ఆ సాయంత్రం కొత్త ముద్ర ఒక్కటీ పడలేదు. గాయరాను దక్కింది.

పటేల్ ఏమీ కూలిపోలేదు. తర్వాతి ఎన్నికలోనూ గెలిచాడు. కాని ఇంకో మనిషికి బుక్కిచ్చి పంపితే ఎవరూ వేలివ్వలేదు కాబట్టి సభ చావడిలోనే పెట్టక తప్పలేదు. హన్మంతును తీసేస్తే ఎందుకు తీశాడో నాందేడ్ జిల్లా ఆఫీసుకు జవాబు రాయాలి. అందుకని జీతం ఆపాడు. హన్మంతు రోజూ వచ్చి చావడి ఊడ్చి, బుక్కు పక్కన కూర్చున్నాడు. ఆరో నెలలో గ్రామసభే అతని జీతం మళ్లీ ఇవ్వాలని రాయించింది.

ఆపిన అయిదు నెలల జీతం, నెలకు యాభై చొప్పున రెండువందల యాభై రూపాయలు, పంచాయతీ అతనికి ఇంకా బాకీ ఉంది.